మూడు మూలల దర్భ

మొదట్లో నా దగ్గర ఉన్నవి మూడు వేల రెండు వందల రూపాయలు, ఒక పాత బండి, ఫోన్‌లో నాలుగు వందల పన్నెండు నంబర్లు. వీటితో వ్యాపారం పెట్టాను. నిన్న గ్రహణం రోజు ఏమైందో చెబుతాను. చేతిలో టీ గ్లాసు ఉంటే ముందు పక్కన పెట్టండి, ఒలికిపోతుంది. సూర్యుడికి పట్టిన గ్రహణం నిన్న సాయంత్రమే విడిచిపోయింది. నాకు పట్టింది ఇంకా విడవలేదు!

వ్యాపారం అంటే పెద్దదేం కాదు. గజపతినగరానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో మా ఊరు. బీకాం అయ్యాక ఖాళీగా కూర్చోవడం నా వల్ల కాలేదు. మామిడాకులు, మారేడు దళాలు, పత్రి, తమలపాకులు... పూజకి కావలసిన ఆకూ అలమూ ముందురోజు సాయంత్రానికల్లా ఇంటికి చేర్చడం నా పని. ఉదయం ఫోన్‌లో ఆర్డరు, సాయంత్రం గుమ్మంలో సంచి. నాలుగు నెలలుగా బాగానే నడుస్తోంది.

గ్రహణం వస్తోందని తెలియగానే నా బుర్రలో లెక్క మొదలైంది. మా వైపు గ్రహణమంటే ప్రతి ఇంట్లోనూ దర్భ ఉండాలి. ఊరగాయ జాడీ మీద ఒక పోచ, పాలగిన్నెలో ఒక పోచ, నీళ్ళ బిందెలో ఒకటి. ఊళ్ళో మూడు వందల పైచిలుకు గడపలు. సగం మంది అడిగినా నూట యాభై కట్టలు. ఒక్కరోజులో నూట యాభై గుమ్మాలు ఎక్కే అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుంది?

తిన్నగా గురువుగారి దగ్గరికి వెళ్ళాను. మా ఊరి గుళ్ళో అర్చకత్వం ఆయన ఇంట్లో మూడు తరాలుగా ఉంది. పొద్దున్న గుడి, సాయంత్రం వయొలిన్. అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టి సంగీతం చెబుతారు. గొంతు పెంచి మాట్లాడగా ఎవరూ వినలేదు. ప్రతి ఏడూ పొలాల అమావాస్యకి ఆయనే ఏటి ఒడ్డుకి వెళ్ళి, మంత్రం చెప్పుకుని, ఏడాదికి సరిపడా దర్భ కోసుకొస్తారు. ఈసారి మోకాలు సహకరించలేదు. తెచ్చింది కొంచెమే. అది కూడా ఈ ఏడాది పెద్దల తిథులున్న ఇళ్ళకి ముందే పంచేశారు.

"గ్రహణానికి నాకో ఇరవై కట్టలు కావాలి సాయీ," అన్నారు. "తేగలవా?"

"తెస్తాను గురువుగారూ."

"దర్భ తెలుసు కదా నీకు?"

"అయ్యో, దర్భ తెలీకపోవడమేమిటండీ!"

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. నేను దర్భని చూసింది వేలికి పెట్టుకునే పవిత్రంగానే. మొక్కగా ఎప్పుడూ చూడలేదు. మామిడిని జ్యూసు బాటిల్‌లో మాత్రమే చూసినవాడు తోట కౌలుకి తీసుకున్నట్టుంది నా సంగతి.

"సరిగ్గా తెస్తే గుడికి ఏడాది పొడుగునా పత్రి నువ్వే తెద్దువుగాని," అన్నారు. అంతే! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారకముందే ఒక పోస్టరు తయారుచేసి స్టేటస్‌లో పెట్టేశాను. పసుపు రంగు అక్షరాలు, వెనకాల సూర్యుడు: 'గ్రహణానికి అసలైన దర్భ. మన గురువుగారు వాడే దర్భ. ఇంటికే తెచ్చి ఇవ్వబడును.'

గురువుగారిని అడిగానా? అడగలేదు. ఆయన నా దగ్గర ఇరవై కట్టలు తీసుకుంటున్నారు కాబట్టి వాడుతున్నట్టే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మధ్యాహ్నానికి నూట నలభై ఆర్డర్లు! గురువుగారివి ఇరవై. మొత్తం నూట అరవై కట్టలు. కట్టకి ఇరవై ఒక్క పోచ. అంటే మూడు వేల మూడు వందల అరవై పోచలు. చేతిలో పోచ ఒక్కటి లేదు.

మా ఊరి పక్క చంపావతి ఏటి ఒడ్డుకి వెళ్ళి చూద్దును కదా, పైన ఎక్కడో వానలు కురిసి ఏరు ఒడ్డుల్ని ఒరుసుకుని పారుతోంది. ఇసుక తిన్నెలు నీళ్ళ కింద ఉన్నాయి. దర్భ ఎక్కడుంటుందో నాకు తెలీదు, ఉన్నా అది కూడా నీళ్ళ కిందే.

అప్పుడు గుర్తొచ్చాడు గౌర్నాయుడు బావ. మా మేనమామ కొడుకు. గరివిడిలో ఫ్యాక్టరీ డ్యూటీ. ఆ రోజు సెలవులో ఉన్నాడు. రెండు గేదెలున్నాయి కాబట్టి గడ్డి విషయంలో తనకి తెలియనిది లేదని అతని నమ్మకం. ఆ క్షణంలో నా నమ్మకం కూడా అదే.

"దర్భేట్రా, దానికోసం ఏట్లో దిగుతావేటి?" అన్నాడు. "జీడితోట దాటీసి కొండకాడికి ఎల్తే, సెట్ల నీడన దుబ్బులు దుబ్బులుగా ఉన్నాది. ఎంత కావాలి నీకు? బండి నిండా కావాలా?"

"అది దర్భేనా బావా?"

"గడ్డి గురించి నాకు సెప్తావేట్రా? నడు."

జీడితోట దాటి, అడవి మొదలయ్యే చోట బండి ఆపాం. పెద్ద చెట్ల కింద ఎండ పడీ పడనట్టుంది. నిజంగానే ఉంది! నడుం ఎత్తు దుబ్బులు. ముదురాకుపచ్చ. సన్నగా పొడుగ్గా ఆకులు. కాడ చివర్న తెల్లగా మెరిసే గింజలు, చిన్న చిన్న పూసల్లాగ. ఎవరో కూర్చుని ఒక్కొక్కటీ పాలిష్ పెట్టినట్టున్నాయి.

నేను మరీ అంత తెలివితక్కువవాణ్ణి కాదు. ఫోన్ తీసి మొక్కల యాప్‌లో ఫొటో పెట్టాను. నాలుగు పేర్లు చూపించింది. నాలుగూ నోరు తిరగని ఇంగ్లీషు పేర్లు. నాలుగింటి కిందా 'గడ్డిలాంటి మొక్క' అని రాసి ఉంది. గడ్డిలాంటిది అంటే గడ్డి కాదని అర్థం. నాకు మాత్రం గడ్డేనని అర్థమైంది.

అనుమానం ఏదైనా మిగిలి ఉంటే అది కూడా తర్వాతి నిమిషంలో తీరిపోయింది. ఆకు పట్టుకుని లాగాను. సర్రుమని చూపుడువేలు కోసుకుపోయింది. రక్తం!

"అబ్బా!"

బావ నా వేలు చూసి పొంగిపోయాడు. "సూసినావా? దర్భకి పదునుంటాదని మా తాత సెప్పీవోడు. రక్తం వొచ్చినాదంటే ఒరిజినలే."

ఆ క్షణంలో నాకు కూడా ఆనందమే వేసింది. కోసుకున్న వేలు చూసుకుని మురిసిపోయినవాణ్ణి ఈ జిల్లా మొత్తంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఇద్దరం చేతులకి తువ్వాళ్ళు చుట్టుకుని, కొడవళ్ళతో రెండు గంటలు కోశాం. నా చేతికి తొమ్మిది గాట్లు, బావకి పద్నాలుగు. ఎంత రక్తం వస్తే అంత నాణ్యత అనుకున్నాం.

ఇంటికొచ్చి అమ్మని కూడా కూర్చోబెట్టి కట్టలు కట్టాను. ఒక్కో కట్టకి ఎర్ర రబ్బరుబ్యాండు. అమ్మ ఒక కాడ పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఈ పూసలేటిరా? దర్భకి పూసలుంటాయేటి?"

"అదే దీని గొప్పతనమమ్మా!" అన్నాను. స్టేటస్‌లో వెంటనే ఒక లైను కలిపాను: 'గింజ పట్టిన ముత్యాల దర్భ.' దానికి యాభై మూడు లైకులు.

మొన్న సాయంత్రానికి నూట నలభై ఇళ్ళకీ చేర్చేశాను. లిస్టులో ప్రతి పేరు పక్కనా టిక్కు. ఒక్క తప్పు లేదు. నా జీవితంలో అంత శుభ్రమైన లిస్టు లేదు.

నిన్న గ్రహణం పట్టు సాయంత్రం అయిదు దాటాక. పన్నెండున్నరకి, చివరిగా, గురువుగారి ఇరవై కట్టలూ పళ్ళెంలో పెట్టుకుని ఆయనింటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని ఉన్నారు. సంతోషంగా ఒక కట్ట తీసుకున్నారు. రబ్బరు తీశారు. పవిత్రం చేద్దామని ఒక కాడ లాగారు.

ఆగిపోయారు.

కాడని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని, కళ్ళు మూసుకుని, మెల్లగా తిప్పారు. వయొలిన్ తీగ మీద స్వరం వెతికినట్టు. మళ్ళీ తిప్పారు. ఇంకో కాడ తీశారు. దాన్నీ తిప్పారు.

"సాయీ, ఇలా రా. నువ్వు తిప్పు."

తిప్పాను.

"గుండ్రంగా తిరుగుతోందా?"

"లేదండీ. టక్కు టక్కుమని ఆగుతోంది."

"ఎన్నిసార్లు?"

వేళ్ళతో లెక్కపెట్టాను. "మూడు."

"అంటే ఎన్ని మూలలు?"

"మూడు... గురువుగారూ."

"దర్భ కాడ గుండ్రంగా ఉంటుంది నాయనా. నున్నగా తిరుగుతుంది." లోపల్నుంచి చాకు తెప్పించి కాడని అడ్డంగా కోసి నా కళ్ళ ముందు పెట్టారు. చిన్న సమోసా! ఆకుపచ్చ అంచులు, లోపల తెల్లటి బెండు. "ఇప్పుడు ఇంకో కాడని పైనుంచి చూడు. దర్భకైతే ఆకులు ఇటొకటి, అటొకటి. రెండే వైపులు. దీనికి?"

పైనుంచి చూశాను. మూడు వైపులా వెళుతున్నాయి. ఫ్యాను రెక్కల్లాగ.

"ఆకు కింద తొడుగు చూడు. గడ్డికి ముందువైపు చీలి ఉంటుంది, గోరుతో తెరుచుకుంటుంది. దీనికి చీలికే లేదు. గొట్టంలా మూసుకుపోయి ఉంది. ఇక ఈ తెల్ల పూసలు సరేసరి. ఇది తుంగ జాతి నాయనా. పొలం గట్ల మీది తుంగ కాదు, అడవి తుంగ. చెట్ల నీడన పెరుగుతుంది. చెయ్యి కూడా కోస్తుంది."

నా తొమ్మిది గాట్లూ ఒక్కసారి మండాయి.

"పోనీలే, తెలియక తెచ్చావు. ఇరవై కట్టలేగా. నా సంగతి నేను చూసుకుంటాను," అన్నారాయన.

ఆయన నా ముఖం చూశారు.

"ఇరవయ్యేనా?"

"ఊళ్ళో ఇంకో నూట నలభై ఉన్నాయండీ."

"నూట నలభై!"

"మీ పేరు చెప్పి ఇచ్చాను గురువుగారూ." ఫోన్ తీసి పోస్టరు చూపించాను. కంగారులో రెండుసార్లు నొక్కేసరికి అది పెద్దదైంది. 'మన గురువుగారు వాడే దర్భ' అన్న లైను స్క్రీను నిండా నిలబడింది.

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు.

"మా నాన్నగారు ఒక్క మాట చెప్పి పోయారు సాయీ. మన చేత్తో ఇచ్చింది జనం కళ్ళు మూసుకుని తీసుకుంటారు, కాబట్టి మనం కళ్ళు తెరుచుకుని ఇవ్వాలి అని. పట్టు పట్టేలోగా నా పేరుతో ఇచ్చిన తుంగ ఊళ్ళో ఏ ఇంట్లోనూ ఉండకూడదు. వాళ్ళ పెరట్లో గరిక ఉంటుంది, అది వేసుకోమను. వెళ్ళు."

పన్నెండూ నలభై. నాలుగున్నరకల్లా పూర్తవ్వాలి. రెండు వందల ముప్పై నిమిషాలు. బావకి ఫోన్ చేశాను. ఊరిని రెండుగా కోశాను. తూర్పు వీధులు నావి, డెబ్బై ఎనిమిది ఇళ్ళు. పడమటి వీధులు బావవి, అరవై రెండు. నాకు ఇంటికి మూడు నిమిషాలకి మూడు సెకన్లు తక్కువ.

"లిస్టు ఫోన్‌లో పెట్టాను బావా. అందులో ఉన్న ఇళ్ళకే వెళ్ళు. తీసుకున్నది ఎక్కడా మిగలకూడదు."

"ఒక్కటి మిగిలితే నన్నడుగు," అన్నాడు.

మొదటి ఇల్లే పదకొండు నిమిషాలు తినేసింది! రిటైరైన మేస్టారు. మూడు మూలల సంగతి చెప్పగానే ఆయనకి ఉత్సాహం వచ్చేసింది. కాడని తిప్పారు. "అవునోయ్!" అన్నారు. ఆ తర్వాత పెరట్లోకి వెళ్ళి గరిక తిప్పారు, కొత్తిమీర తిప్పారు, ములక్కాడ తిప్పారు. "ములక్కాడ కూడా మూడు మూలలే సుమా! ఇది కూడా తుంగేనా?" కాదండీ అని దణ్ణం పెట్టి కట్ట లాక్కుని పరిగెత్తాను.

నాలుగో ఇంట్లో ముసలమ్మ ఊరగాయ జాడీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "తుంగైతే ఏటంట? నాను పుట్టిన కాణ్ణుంచీ తుంగసాప మీదే పడుకుంతన్నాను. నాకేటైనాది?"

"మీకు కాదు అవ్వా, ఊరగాయకి."

"నాకన్నా ఊరగాయ గొప్పదేట్రా?"

తొమ్మిదో ఇంటాయన తలుపు సగమే తీశాడు. "మూడు మూలలున్నాయని సూరీడు సూస్తాడేటి?" అని మళ్ళీ వేసేశాడు. కిటికీలోంచి బతిమాలి తీసుకున్నాను. ఇంకో ఇంట్లో ఆవిడ కట్టని ముక్కలుగా తుంచి పద్దెనిమిది గిన్నెల్లో వేసింది. పద్దెనిమిదీ నేనే తీశాను. పెరుగులోంచి కూడా. మా ఇంటికి వస్తే అమ్మ గుమ్మంలోనే కట్ట పట్టుకుని నిలబడి ఉంది.

"పూసలేటని నాను అడిగినాను," అంది. అంతే. నూట నలభై ఇళ్ళలో అన్నిటికన్నా గట్టిగా తగిలింది అదే.

నాలుగూ ఇరవైకి నా డెబ్బై ఎనిమిదీ సంచిలో పడ్డాయి. కాళ్ళు లేవు. గొంతు లేదు. కానీ లెక్క ఉంది! బావ ఇంటికి చేరేసరికి అతను అరుగు మీద కాళ్ళు బారజాపుకుని, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

"అయిపోనాదా బావా?"

"ఎప్పుడో అయిపోనాది. మనకంత సేపేటి?"

"అరవై రెండూ వచ్చాయా?"

"అరవై రెండేటి రా? ఎనభై ఐదు!"

నేను లెక్కల్లో తడబడే మనిషిని కాదు. ఆ క్షణంలో మాత్రం వేళ్ళు మడిచాను. డెబ్బై ఎనిమిదీ ఎనభై ఐదూ నూట అరవై మూడు. ఇచ్చింది నూట నలభై. తిరిగొచ్చింది నూట అరవై మూడు. ఇరవై మూడు ఎక్కువ! నా వ్యాపారంలో సరుకు తగ్గడం చూశాను, కుళ్ళడం చూశాను. ఇళ్ళల్లో పిల్లలు పెట్టడం ఎప్పుడూ చూడలేదు.

"బావా... లిస్టు చూశావా?"

"డేటా అయిపోనాదిరా. అయినా లిస్టెందుకు? వీధి మొగలో నిలబడి ఒక్క కేకేసినాను. గురువుగారి దర్భ కల్తీ అయిపోనాదంట, ఎవలింట ఉన్నా అట్టుకొచ్చీయండి అని. ఆడోళ్ళు పరుగెట్టుకొచ్చి ఇచ్చీసినారు. నీలాగ ఇంటింటికీ తిరిగితే ఎప్పటికవుతాది?"

నా సంచి కింద పెట్టేశాను. "ఏమని కేక వేశావు?"

మళ్ళీ చెప్పాడు. రెండోసారి ఇంకా గట్టిగా.

"అన్నిటికీ ఎర్ర రబ్బరు ఉందా బావా?"

"కొన్నిటికి లేదు. ఆ గడ్డితోనే సన్నగా ముడేసి ఉన్నాది. అందంగా ఉన్నాదిరా ముడి. ఎందుకు?"

ఎందుకా! ఆ ముడి మా ఊళ్ళో ఒక్కరే వేస్తారు. పొలాల అమావాస్యకి ఏటి ఒడ్డున మంత్రం చెప్పి కోసి, తిథులున్న ఇళ్ళకి గురువుగారు తన చేత్తో ఇచ్చిన అసలు దర్భ అది. ఏడాదంతా దేవుడి గదిలో దాచుకునేది. ఈ ఏడాది తిథులున్న ఆ ఇరవై మూడు ఇళ్ళూ పడమటి వీధుల్లోవే, నా దగ్గర ఏమీ కొనలేదు. కొనకూడదన్న తెలివి వాళ్ళకుంది.

"ఎక్కడున్నాయి బావా? సంచి ఎక్కడ?"

"సంచెందుకు? ఎక్కడా మిగలకూడదన్నావు గదా. గేదెలకి ఏసీసినాను."

పశువుల సాలలోకి పరిగెత్తాను. రెండు గేదెలూ తీరిగ్గా నెమరు వేస్తున్నాయి. వాటి ముందు కుప్ప ఉంది! ప్రాణం లేచొచ్చింది. కుప్ప మీద పడి ఒక్కో గుప్పెడూ తీసి వేళ్ళ మధ్య తిప్పడం మొదలుపెట్టాను. టక్కు టక్కు టక్కు. మూడు మూలలు. ఇంకోటి. టక్కు టక్కు టక్కు. ఇంకోటి... ఒక్కటి నున్నగా తిరిగితే చాలు దేవుడా అనుకున్నాను. ఒక్కటీ తిరగలేదు. కుప్పంతా తుంగే. పూసలతో సహా, నోరు పెట్టిన గుర్తు కూడా లేకుండా ఉంది.

దర్భ మాత్రం పోచ లేదు. చివరికి ముడులు కూడా లేవు.

"తుంగ ముట్టలేదు సూసినావా?" అన్నాడు బావ వెనకాల నిలబడి, బోలెడంత ఆశ్చర్యంగా. "నాలిక కోసీస్తాదని తెలుసు వీటికి. మంచి గడ్డి ఏరుకుని తినీసినాయి. ఎంత తెలివో!"

నేను ఒక యాప్, రెండు కొడవళ్ళు, బీకాం డిగ్రీ పెట్టుకుని రెండు రోజుల్లో చెయ్యలేని పని ఆ రెండూ పావుగంటలో చేసేశాయి. ఒక్క తప్పు లేదు. నా టిక్కుల లిస్టు కన్నా శుభ్రంగా.

ఇంకా సాలలోనే ఉన్నాను, బయట్నుంచి కేక. "సాయీ! ఒరే సాయీ!"

పైడమ్మత్త. పడమటి వీధి. ఆమె వస్తోందంటే కుక్కలు కూడా దారిచ్చి కూర్చుంటాయి. కానీ నిన్న ఆమె ముఖంలో కోపం లేదు. అది చూసి నాకు ఇంకా భయం వేసింది.

"గురువుగారి దర్భ కూడా కల్తీయేనంట కదరా?"

"కాదత్తా, అది..."

"ఎల్లుండి మీ మావ తిథి. దానికనే దాసుకున్నాను. అది పోతే పోనాది, ఇంకోటి అడుగుతాను. ఒకటి సెప్పు నాకు. పోయినేడు కూడా గురువుగారిచ్చిన దర్భతోనే సేసినాం. అంతకు ముందేడు కూడా. మరి అవన్నీ మీ మావకి అందినాయా? అందలేదా?"

ఆమె కళ్ళు తుడుచుకుంది. నాకు నేల విచ్చుకుంటే బాగుండుననిపించింది.

"అందాయత్తా. అది అసలు దర్భే. తప్పు నాది."

"నువ్వు పిల్లడివి, నీకేటి తెలుసు? రేపు పొద్దున్న ఎనిమిది గంటలకి ఎల్లి ఆరినే అడుగుతాను." కొంగు నడుముకి చుట్టుకుని వెళ్ళిపోయింది. వీధి మొగలో ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు ఆమె కోసం నిలబడి ఉన్నారు. వాళ్ళ దగ్గరా అదే ప్రశ్న ఉన్నట్టుంది.

అయిదు దాటింది. పట్టు పట్టింది. ఊరంతా తలుపులేసుకుంది. నేను గదిలో కూర్చుని లెక్క వేశాను, అలవాటు పోదు కదా. నూట నలభై తెమ్మంటే నూట అరవై మూడు తెచ్చాం. పనిలో నూట పదహారు శాతం! దక్షిణ ఇచ్చినట్టు సరిగ్గా నూట పదహారు. గురువుగారి పేరు కాపాడమంటే, ఆయన చేత్తో ఇచ్చిన ప్రతి కట్టనీ వెతికి పట్టుకుని, ఆయన పేరుతోనే కల్తీ అని వీధిలో చాటించి, గేదెలకి పెట్టించాను.

విడుపు స్నానం చేసి తల తుడుచుకుంటుంటే ఫోన్. గురువుగారు.

"శ్రమపడ్డావు నాయనా. ఊళ్ళో ఇంకేమైనా మిగిలిందా?"

"లేదు గురువుగారూ." తువ్వాలు భుజం మీద వేసుకున్నాను. "ఒక్కటి కూడా మిగల్లేదు."

"సంతోషం. ఇవాళ హాయిగా పడుకో," అని పెట్టేశారు.

అబద్ధం చెప్పలేదు చూడండి! అక్షరం అక్షరం నిజం. ఇంత నిజం చెప్పి ఇంత సిగ్గుపడటం ఇదే మొదటిసారి.

పక్కనే నిలబడి వింది అమ్మ. "పొద్దున్నే నువ్వే ఎల్లి సెప్పీ. పైడమ్మ సెప్పకముందే. గురువుగారు తిట్టరు."

"తిట్టరనే భయం అమ్మా."

కాబట్టి ప్రస్తుతం గురువుగారి అరుగు మీద కూర్చుని ఇదంతా మీకు టైపు చేస్తున్నాను. ఆరుంబావుకి వచ్చాను. లోపల ఆయన అనుష్ఠానం నడుస్తోంది, గంటన్నర పడుతుంది. ఇప్పటికి గంటా ఇరవై అయ్యింది. పైడమ్మత్త రావడానికి ఇంకా ఇరవై ఐదు నిమిషాలు. ఆమె రాగానే అరుగు మీద అందరి ముందూ నేనే చెప్పాలి, ఆమె భర్తకి అన్నీ అందాయని, గురువుగారి దర్భలో లోపం లేదని, లోపమంతా నా చేతుల్లో ఉందని. ఆ ఇరవై రెండు ఇళ్ళకీ కూడా నేనే వెళ్ళి చెప్పాలి. ఈసారి ఇంటికి ఎన్ని నిమిషాలు పట్టినా సరే.

కానీ ముందు ఆయనకి చెప్పాలి. మొదటి వాక్యం కోసం రాత్రంతా ఆలోచించాను. క్షమించండి అని మొదలుపెడితే ఏడుపొచ్చేలా ఉంది. బావ దగ్గర్నుంచి మొదలుపెడితే బావ మీదికి నెట్టినట్టుంటుంది. మొత్తానికి ఇప్పుడే ఒకటి కుదిరింది.

లోపల గంట మోగింది. హారతి అయిపోయినట్టుంది. తలుపు గడియ తీస్తున్నారు. ఫోన్ జేబులో పెట్టేస్తున్నాను. లేచి, చేతులు కట్టుకుని, ఇదే అనబోతున్నాను:

"గురువుగారూ, మీ దర్భ అసలైనదేనండీ. గేదెలు ఒప్పుకున్నాయి."